పోర్టుల లెక్క, తీగల పొడవు: గ్రామీణ బ్రాడ్‌బ్యాండు పథకముపై ఒక విమర్శ

కేంద్ర ప్రభుత్వపు సార్వత్రిక సేవా నిధికిని, భారత్ సంచార్ నిగమ్ సంస్థకును మధ్య 2009 జనవరి 20వ తేదీన ఒక ఒడంబడిక జరిగినది. పల్లెలలో అప్పటికే ఉన్న టెలిఫోను ఎక్స్ఛేంజీలను, వానినుండి ఇండ్లకు పోవు రాగితీగలను ఆధారముగా గొని అయిదేండ్లలో, అనగా 2014 నాటికి, 8,88,832 బ్రాడ్‌బ్యాండు కనెక్షన్లు ఇయ్యవలెననియు, ప్రజలు వచ్చి వాడుకొనుటకు 28,672 కియోస్కులు నెలకొల్పవలెననియు అందలి సంకల్పము. ప్రతి కనెక్షనుకును వేగము సెకనుకు 512 కిలోబిట్లకు తగ్గరాదు. పై రెండు సంఖ్యలలో పెద్దదానిని చిన్నదానిచే భాగించి చూచిన విద్యార్థికి శేషము లేకుండ 31 వచ్చును. ఇట్టి భాగఫలము తలవనితలంపుగా వచ్చునది కాదు. స్థలమునకు ఇన్ని అని ముందుగా ఒక అంకె వేసికొని, దానిని స్థలముల సంఖ్యతో హెచ్చవేసినప్పుడే వచ్చును. ఈ వ్యాసమున పరిశీలింపబడునది ఆ 31 అను అంకెయే.

పథకములో మెచ్చదగిన అంశములు లేకపోలేదు. కొత్తగా కందకములు త్రవ్వనక్కరలేదు. ఎక్స్ఛేంజి భవనము, దానిలోని 48 వోల్టుల బ్యాటరీలు, తీగలు, ఆ తీగల మర్మములెఱిగిన లైనుమనుష్యులు అందఱును ఉన్నారు. ఆ కాలమున ప్రభుత్వము 2004 విధానములో బ్రాడ్‌బ్యాండుకు ఇచ్చిన నిర్వచనము సెకనుకు 256 కిలోబిట్లు మాత్రమే. దానికి రెట్టింపు వేగమును పల్లెకు కనీసముగా నిర్ణయించుట సాహసమనియే చెప్పవలెను. పల్లెకు ఏదో ఒకటి చాలునను ధోరణి ఇందులో లేదు. లోపము ఉద్దేశమున లేదు, కొలబద్దయందున్నది.

పోర్టు అనగా నేమో ముందు తెలిసికొనవలెను. ఎక్స్ఛేంజిలో డి.ఎస్.ఎల్. యామ్ అనెడు ఒక పెట్టె ఉండును. దానిలో పుస్తకముల బీరువాలో పుస్తకములవలె కార్డులు నిలువుగా దూర్చబడియుండును. ఒక్కొక్క కార్డుపై 24, 48, లేక 64 చందాదారులకు సరిపోవు ద్వారము లుండును. ఆ ద్వారమే పోర్టు. ఒక ఇంటికి పోవు తీగల జత ఒక పోర్టునకు తగిలింపబడును. కాలువపై తూము ఎట్టిదో ఇదియు నట్టిదే. తూము ఉన్నంత మాత్రమున శివారు చేనికి నీరందునని ఏ డెల్టా రైతును నమ్మడు. ఆయకట్టు రిజిస్టరులో ఎకరము పేరు ఉండవచ్చును. నీరు పాఱినదా లేదా అనునది వేఱు ప్రశ్న.

గుంటూరు జిల్లాలో తెనాలికి చేరువనున్న మండల కేంద్రమైన కొల్లిపరను ఉదాహరణముగా తీసికొనుడు. ఇది కృష్ణకు కుడివైపున, పడమటి డెల్టాలోనిది. టెలిఫోను లెక్కలో తెనాలితో కలిసి 08644 అను కోడు క్రిందికి వచ్చును. వరి, పసుపు, అరటి పండు నల్లనేల. దావులూరు, మున్నంగి, అత్తోట, తుములూరు మొదలగు గ్రామములు చుట్టుపట్ల నున్నవి. ఇట్టి సీమలో ఎక్స్ఛేంజినుండి ఇంటికి గల దూరము పటముపై స్కేలు పెట్టి కొలిచిన దూరము కాదు. కేబులు కాలువగట్టు వెంట పోయి, వంతెన దొరకినచోట దాటి, మరల వెనుకకు వచ్చి ఊరు చేరవలెను. పటముపై 3 కిలోమీటర్ల దూరము తీగలో 4 కిలోమీటర్లయినను వింత లేదు. మఱియు వర్షకాలమున నేలలోని నీరు పైకి వచ్చును. జెల్లీ నింపిన పాలిథీను కేబులు నీటికి చాలవఱకు ఓర్చుకొనును గాని, అతుకు అతుకే. తీగలకు జబ్బు చేయుట సాధారణముగా అతుకులవద్దనే మొదలగును.

ఈ ఒక్క కిలోమీటరు తేడా ఎంత పని చేయునో భౌతికశాస్త్రము చెప్పును. 0.5 మిల్లీమీటరు మందముగల రాగితీగల జతకు, పోవుటయు వచ్చుటయు కలిపి, కిలోమీటరునకు సుమారు 175 ఓముల నిరోధ ముండును. నాలుగు కిలోమీటర్లకు 700 ఓములు. మాటలాడుటకు ఇది అడ్డు కాదు. మాట మోయుటకు 300 నుండి 3,400 హెర్ట్జుల వఱకు గల పౌనఃపున్యములు చాలును. వానియందు తీగ మంచి వాహకము. డి.ఎస్.ఎల్. పద్ధతిలో మాటకు పైనున్న ఖాళీ ప్రదేశమును, 1,104 కిలోహెర్ట్జుల వఱకు, వాడుకొందురు. (2003లో వచ్చిన మఱియొక ప్రమాణములో దీనిని రెట్టింపు చేసిరి.) ఆ ఎత్తున విద్యుత్తు తీగ లోపలి భాగమును విడిచి పైపొరను మాత్రమే ఆశ్రయించి ప్రవహించును. 1 మెగాహెర్ట్జువద్ద ఆ పొర మందము మిల్లీమీటరులో 15వ వంతు. అనగా ఓమ్‌మీటరు చూపు నిరోధము వేఱు, సంకేత మెదుర్కొను నిరోధము వేఱు. ఇన్సులేషనులో పోవు నష్టము దీనికి తోడగును.

క్షీణతను డెసిబెళ్ళలో చెప్పుదురు. దానికి కారణమిది. ఒకానొక పౌనఃపున్యమున కిలోమీటరు తీగ శక్తిలో పదవవంతును మాత్రమే ముందుకు పంపినదనుకొనుడు. అది 10 డెసిబెళ్ళ క్షీణత. రెండవ కిలోమీటరు చివర నూఱవవంతు, నాలుగవదాని చివర పదివేలవవంతు మిగులును. నష్టము కూడికగా గాక హెచ్చవేతగా పెరుగును. హైస్కూలు విద్యార్థికి లాగరిథముల ప్రయోజనమును చూపుటకు ఇంతకంటె దగ్గఱి ఉదాహరణము దొరకదు. పౌనఃపున్యము పెరిగినకొలదియు ఈ క్షీణత, ఇంచుమించు దాని వర్గమూలము ననుసరించి, పెరుగును.

డి.ఎస్.ఎల్. కల్పనలోని సొగసంతయు ఇచ్చటనే యున్నది. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ సియోఫీ మొదలగువారు పెంపొందించిన పద్ధతిలో, 1,104 కిలోహెర్ట్జుల వెడల్పును 4.3125 కిలోహెర్ట్జుల చొప్పున 256 సన్నని పాయలుగా చీల్చుదురు. ప్రతి పాయయు సెకనుకు 4,000 సార్లు ఒక గుర్తును మోయును. గుర్తులో ఎన్ని బిట్లుండవలెననునది ఆ పాయలో రొదకంటె సంకేతము ఎంత బలముగా నున్నదో చూచి నిర్ణయింతురు. బిట్టు ఒకటి పెంచవలెనన్న సుమారు 3 డెసిబెళ్ళ బలము అదనముగా కావలెను. మోడెము వెలిగించిన వెంటనే చేయు పని ఇదియే: ఒక్కొక్క పాయను తట్టి చూచి, బలమైనదానికి 15 బిట్ల వఱకు బరువెత్తి, బలహీనమైనదానికి రెండో మూడో ఇచ్చి, చచ్చినదానిని విడిచిపెట్టును. రైతు చెక్క చెక్కకు నేల చూచి విత్తనము వేయుటవంటిది.

ఇప్పుడు పథకపు 512 కిలోబిట్లను దీనితో పోల్చుడు. ఒక బిట్టు సెకనుకు 4,000 సార్లు పోయిన 4 కిలోబిట్లు. కావున 512కు ఒక్కొక్క గుర్తుకాలమున 128 బిట్లు కావలెను. యంత్రము తన సొంతమునకు వాడుకొను కొద్దిపాటిని ఇచ్చట విడిచితిమనుకొనుడు. 64 పాయలు రెండేసి బిట్లు మోసిన చాలును. ఎక్స్ఛేంజికి ఒక కిలోమీటరు లోపలి ఇంటికి ఇది ఒక లెక్కలోనిది కాదు. నాలుగైదు కిలోమీటర్లలో పై సగము పాయలు మూగవోవును. క్రింది పాయలలో ఇంటినుండి ఎక్స్ఛేంజికి పోవు సమాచారమునకు 138 కిలోహెర్ట్జుల వఱకు ముందే కేటాయింపు జరిగియున్నది. మిగిలిన నడిమి పాయలే ఆధారము. అతుకులు మంచివైన లెక్క తేలును. అతుకొక్కటి చెడిన తేలదు. కొల్లిపర బజారులోని ఇంటికిని, కాలువకావలి పల్లెలో కొసయింటికిని ఒకే 512 వాగ్దానము చేసిన పథకము, ఆ రెండిటినడుమ నున్న తీగను తన కాగితములలో ఎక్కడను కొలవలేదు. పోర్టులను మాత్రము లెక్కించినది.

కనెక్షను ఇచ్చుట యనునది ఎట్లు జరుగునో చూచిన ఈ దోషపు మూలము ఇంకను స్పష్టమగును. దరఖాస్తు వచ్చిన పిమ్మట మొదట చూచునది ఖాళీ పోర్టు ఉన్నదా అని. తరువాత ఎక్స్ఛేంజిలో ప్రధాన పంపకపు చట్రమువద్ద, వాడుకలో ఎం.డి.ఎఫ్. అనుదానివద్ద, జంపరు తీగలు మార్చుదురు. అంతకు పూర్వము ఇంటిజత నేరుగా టెలిఫోను స్విచ్చికి పోవుచుండెను. ఇప్పుడది స్ప్లిటరను వడపోత పెట్టెకు పోయి, అచ్చటినుండి మాట ఒక దారిని స్విచ్చికిని, సమాచారము మఱియొక దారిని డి.ఎస్.ఎల్. యామ్ పోర్టునకును చేరును. పిదప పోర్టునకు ఒక ప్రొఫైలు తగిలింతురు: గరిష్ఠవేగ మెంత, రొదకెదురుగా ఎన్ని డెసిబెళ్ళు జాగ్రత్తకై మిగుల్చుకొనవలెను (సాధారణముగా 6), పొరపాట్లను సరిదిద్దుటకు బిట్లను ఎంత కలగలుపవలెను అనునవి దానిలో నుండును. ఆ పిమ్మట చందాదారుని పేరు, సంకేతపదము దూరమున నున్న కేంద్ర సర్వరులో వ్రాయవలెను. ఇంటిలో మోడెమునకు 0, 35 అను రెండంకెలు ఇచ్చుట చాలమందికి ఇంకను జ్ఞాపకముండును.

టెలిఫోను నంబరు, కేబులులోని జత సంఖ్య, చట్రముపై స్థానము, కార్డు-పోర్టు సంఖ్య, చందాదారుని పేరు: ఈ అయిదును అయిదు చోట్ల వ్రాయబడును. అయిదును ఏకీభవించినప్పుడే ఆ ఇల్లు కనెక్షనుగల ఇల్లు. ఒకరి సంకేతపదమును మఱియొకరు వాడకుండుటకై, డి.ఎస్.ఎల్. యామ్ తానే పోర్టు సంఖ్యను ప్రతి లాగిన్‌కును చేర్చి పంపు ఏర్పాటు ఉన్నది; 2006లో బ్రాడ్‌బ్యాండు ఫోరము ప్రమాణమొకటి దీనిని స్థిరపఱచినది. మంచి ఏర్పాటే. కాని ఇట్టి కట్టుబాటు అమలులో నున్నచోట, పోర్టు చెడినదని ఒక ఉద్యోగి జంపరును ప్రక్క పోర్టునకు మార్చి, రికార్డు మార్చుట మఱచిన, తీగ బాగున్నను, మోడెము బాగున్నను, ఇల్లు చీకటియగును. అప్పుడు ఇంటివారు మోడెమును అనుమానింతురు.

పోర్టు మార్చుట ఎక్స్ఛేంజిలో కూర్చుండి పది నిమిషములలో చేయు పని. జత మార్చుటకు స్తంభమెక్కవలెను, పెట్టె విప్పవలెను, బురదలో నడువవలెను. కావున ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట పోర్టు మార్చి చూచుట స్వాభావికము. పరీక్షగా అది సరియైనదియే. మార్చిన తరువాతకూడ వేగము పెరగకున్న దోషము తీగదే యని తేలును. కాని ఆ తేలిన సంగతిని వ్రాసికొనుటకు రిజిస్టరులో గడి లేదు. పోర్టు 17 ఖాళీ, పోర్టు 18 నిండినది అని మాత్రమే గడి యున్నది. విమర్శకుడు పట్టుకొనవలసినది ఈ లేని గడిని.

తీగల దోషములలో ఒకటి హైస్కూలు ప్రయోగశాలకు దగ్గఱిది. పూర్వమెప్పుడో మఱియొక ఇంటికి ఇచ్చిన తీగను, ఆ ఇంటివారు ఫోను మానుకొనిన పిమ్మట, తెగ్గొట్టక అట్లే వ్రేలాడ విడిచిన, అది ప్రధానపు జతకు ఒక మూసుకొనిన సందువలె అంటుకొని యుండును. మాటకు దానివలన బాధ లేదు. అధిక పౌనఃపున్య తరంగము మాత్రము ఆ సందులోనికి పోయి, కొసను తాకి, తిరిగి వచ్చును. అనునాద గొట్టములో నీటిమట్టము మార్చుచు శబ్దము వినుట తెలిసిన విద్యార్థి దీనిని ఇట్టే గ్రహించును. తీగలో తరంగవేగము సెకనుకు ఇంచుమించు 20 కోట్ల మీటర్లు. సందు పొడవు 100 మీటర్లయిన, నాలుగవవంతు తరంగదైర్ఘ్యము దానికి సరిపడు పౌనఃపున్యము 500 కిలోహెర్ట్జులు. సరిగా పాయల నడిబొడ్డున! ఆ చోట సంకేతము అణగిపోవును. మఱచిపోయిన నూఱు మీటర్ల తీగ, నాలుగు కిలోమీటర్ల మంచి తీగకు చేటు తెచ్చుట ఇట్లు.

దీనికి విపరీతమైన విచిత్రమొకటి యున్నది. అతుకు ఒకచోట పూర్తిగా విడిపోయినను, రెండు కొసలును దగ్గఱగా నున్న అది చిన్న కెపాసిటరువలె పనిచేయును. ఫోను మూగవోవును, ఇంటర్నెట్టు మాత్రము మందముగా నడచుచునే యుండును. "ఫోను లేదు కాని నెట్టు వచ్చుచున్నది, ఇదెట్లు?" అను ప్రశ్నకు సమాధానమిదియే.

పోర్టుల లెక్కలో మఱియొక దోషము తక్కువగా కనిపించునది. ఒకే కేబులులో పదుల జతలు పెనవేసికొని పోవును. ఒక జతలోని అధిక పౌనఃపున్య సంకేతము కొంత ప్రక్కజతలోనికి చిందును. బెల్‌కోర్ సంస్థలో పనిచేసిన జోసెఫ్ లెక్లైడర్ ఈ చిందును గమనించియే, దిగువకు ఎక్కువ, ఎగువకు తక్కువ అను అసమ విభజనను సూచించెను, ఏ.డి.ఎస్.ఎల్. అను పేరులోని మొదటి అక్షరము దానిని తెలుపును. అయినను చిందు పూర్తిగా పోదు. మొదటి అయిదుగురు చందాదారులున్నప్పుడు పరుగెత్తిన తీగ, ముప్పదియొకటవవాడు చేరునప్పటికి నడకలో పడవచ్చును. 31 పోర్టులు నిండినవని లక్ష్యపత్రమున గీత గీచిన దినముననే, కొసయింటివానికి వచ్చుచున్నది తగ్గియుండవచ్చును. దగ్గఱి ఇండ్ల పోర్టులకు అవసరమునకు మించి బలమీయక, ప్రొఫైలులో హద్దు పెట్టిన దూరపు ఇండ్లకు మేలు జరుగును. ఇది తూములపై లస్కరు చేయు పనివంటిదే. ఎగువ రైతు తూము కొంచెము దించినగాని దిగువకు రాదు. ఒకే ప్రొఫైలును అందఱికిని తగిలించుట సులభము, సమత్వముగా కూడ తోచును. సమత్వము కాదది.

ఎక్స్ఛేంజినుండి పైకి పోవు దారిని గూర్చి క్లుప్తముగా చెప్పిన చాలును. 31 మంది ఒక్కమాఱుగా 512 కిలోబిట్లు వాడిన కావలసినది 15,872 కిలోబిట్లు. సెకనుకు 2,048 కిలోబిట్ల పాతకాలపు టెలిఫోను లింకులైన ఎనిమిది కావలెను. అందఱు ఒక్కమాఱు వాడరు కావున తక్కువతో సరిపెట్టుట న్యాయమే. కాని పరీక్షాఫలితముల దినమున అందఱును ఒక్కమాఱే వాడుదురని ప్రతి ఉపాధ్యాయునికిని తెలియును.

అట్లయిన ఏమి లెక్కింపవలసియుండెను? దీనికి కొత్త యంత్ర మక్కరలేదు. ప్రతి డి.ఎస్.ఎల్. యామ్ పోర్టును, ప్రతి మోడెమును తమంతట తామే మూడంకెలు చెప్పుచుండును: తీగ క్షీణత ఎన్ని డెసిబెళ్ళు, రొదపై మిగులు ఎన్ని డెసిబెళ్ళు, కుదిరిన వేగము ఎన్ని కిలోబిట్లు. కనెక్షను ఇచ్చిన దినముననొకటి, వానకాలమున నొకటి, ఈ మూడంకెలను పోర్టు సంఖ్య ప్రక్కన వ్రాసియుండినచో ఏ ఊరిలో ఎన్ని ఇండ్లకు 512 నిజముగా అందినదో తెలిసెడిది. ఎచ్చట జత మార్చవలెనో, ఎచ్చట ఎక్స్ఛేంజికిని ఊరికిని నడుమ మఱియొక చిన్న పెట్టె పెట్టవలెనో కూడ తెలిసెడిది. నాలుగు కిలోమీటర్ల తీగను రెండుగా చేయుటకంటె మంచి మందు ఏ ప్రొఫైలులోను లేదు. 31 అను అంకె స్థానమున, ఎక్స్ఛేంజికి 3 కిలోమీటర్ల తీగలోపల ఎన్ని ఇండ్లున్నవను అంకె పెట్టుకొనిన కొన్ని చోట్ల లక్ష్యము 60 అయ్యెడిది, కొన్ని చోట్ల 12 అయ్యెడిది. మొత్తము తగ్గెడిదేమో, వాగ్దానము నిలిచెడిది.

పథకమును సమర్థించువారు ఒక మాట చెప్పవచ్చును: తీగ చరిత్ర కాగితముపై లేకున్నను లైనుమనిషి తలలో నున్నది. నిజమే. ఏ పెట్టెలో ఏ జత మంచిదో, ఏ అతుకు ఏ సంవత్సరము తడిసినదో తెలిసినవాడు ఊరూర నుండెను. కాని 2020 జనవరి 31వ తేదీన స్వచ్ఛంద పదవీవిరమణ క్రింద ఆ సంస్థనుండి ఒక్కదినముననే 78 వేలకు పైగా ఉద్యోగులు వెడలిరి. వారిలో ఎందఱి తలలలో ఎన్ని కేబులుల చరిత్ర వెళ్ళినదో లెక్కకట్టుటకు రిజిస్టరులో గడి మొదటినుండియు లేదు గదా.

ఆ మధ్యకాలములో నిర్వచనము కూడ నిలువలేదు. 2013లో బ్రాడ్‌బ్యాండు అనగా 512 కిలోబిట్లనియు, 2023లో 2 మెగాబిట్లనియు ప్రభుత్వము మార్చినది. 2016 తరువాత నాల్గవ తరము మొబైలు ఫోను పల్లెలను నింపినది. రాగితీగ వెనుకబడినది. కావున ఇదంతయు గడచిన కథ కాదా యని అడుగవచ్చును.

కాదు, ఏలయన పోర్టు పోలేదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులమీదుగా ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌గ్రిడ్డు ప్రారంభమైనది. ప్రారంభమున నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టెలివిజను, ఫోను కలిపి ఇచ్చుట దాని ప్రత్యేకతగా నుండెను. గాజుతీగలో క్షీణత కిలోమీటరునకు అర డెసిబెలుకు లోపలనే. దూరపు బెంగ తీరినది. కాని జీపాన్ అను పద్ధతిలో కేంద్రమునందలి ఒక్కొక్క పోర్టునకు దిగువవేగము సెకనుకు 2.488 గిగాబిట్లు, దానినే దారిలో విభాజకముతో 32 లేక 64 ఇండ్లకు పంచుదురు. 64 మందియు ఒక్కమాఱు వాడిన తలకు సుమారు 39 మెగాబిట్లు. విభాజకము 32కు చీల్చినప్పుడే వెలుగు 15 డెసిబెళ్ళకు పైగా తగ్గును. ఆపైన వంచిన తీగ, మురికిపట్టిన కనెక్టరు తమ వంతు తీసికొనును. సామాన్యముగా వాడు తరగతిలో ఇంటిపెట్టెకు చేరు వెలుగు మైనస్ 27 డి.బి.ఎమ్.కు క్రిందికి దిగరాదు.

ఆ అంకెను ఇంటిపెట్టెయే కొలిచి చెప్పును. కొల్లిపర మండలములోని ఒక ఉపాధ్యాయుడు తన బడికి వచ్చిన గాజుతీగ కనెక్షను కాగితమును తీసి చూచిన, దానిపై పెట్టె క్రమసంఖ్య, పోర్టు సంఖ్య, నెలసరి రుసుము ఉండుట సహజము. వెలుగు ఎన్ని డి.బి.ఎమ్.లో చేరినదను గడి దానిపై ఉన్నదా లేదా అనునది చూడవలసిన మొదటి సంగతి.